గుళ్లో కాసేపు కూర్చుని రావాలంటారు... ఎందుకు?

 

ఈ వారం వీడియోలో ద్రాక్షారామం చూపించాం కదా. గుడి గురించి, శాసనాల గురించి చెప్పేసరికే టైమ్ అయిపోయింది. అసలు చెప్పాలనుకున్న మాట మిగిలిపోయింది. అది కెమెరా ముందు చెప్పడం నాకు కొంచెం కష్టం కూడా. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మనందరికీ చిన్నప్పటి నుంచి ఇంట్లో పెద్దవాళ్లు చెప్పే మాట ఒకటుంది. "గుడికి వెళ్తే దర్శనం అవగానే వచ్చేయకూడదు, కాసేపు కూర్చుని రావాలి." మనం కూర్చుంటాం కూడా. ఎంతసేపు? చెప్పులు ఎక్కడ విడిచామో గుర్తు తెచ్చుకునేంతసేపు. ప్రసాదం తినేంతసేపు. ఒక ఫోటో తీసి స్టేటస్ పెట్టేంతసేపు. ఆ కాసేపు కూర్చోవడం ఎందుకో నాకు ఇరవై అయిదేళ్లు దాటేదాకా తెలియలేదు. తెలిసిన సందర్భం మాత్రం అంత గొప్పది కాదు.

ఆ సోమవారం రాత్రి

మాది రామచంద్రపురం. రెండేళ్ల కిందటి కార్తీకమాసంలో వర్క్ ఫ్రమ్ హోమ్ తీసుకుని ఇంటి దగ్గరే ఉన్నాను. ఆ సోమవారం మాకు రిలీజ్. పొద్దున్న తిన్న ఇడ్లీలే. మధ్యాహ్నం కాల్ మీద కాల్, భోజనానికి లేవలేదు. సాయంత్రం ఏదో పగిలింది, దాన్ని సరిచేసేసరికి బాగా చీకటి పడింది. లాప్‌టాప్ మూసి వంటింట్లోకి వెళ్తే అమ్మ లేదు. గుడికి వెళ్లిందన్నారు నాన్నగారు.

ఆవిడ వచ్చేసరికి నేను మండిపోతున్నాను.

"నక్షత్రం చూసి, దీపం పెట్టి వచ్చాన్రా. రెండు నిమిషాలు, వడ్డించేస్తాను" అంది.

నేను అన్న మాట ఇది: "ఎప్పుడు చూసినా గుళ్లూ పూజలూ. ఇంట్లో మనిషి తిన్నాడో లేదో అక్కర్లేదా? ఆ గుళ్లోనే ఉండిపోకపోయావా?"

పక్క గదిలో నాన్నగారు టీవీ సౌండ్ తగ్గించారు. అమ్మ ఏమీ అనలేదు. కంచం పెట్టింది, వడ్డించింది, పక్కనే నిలబడింది. "ఇంకొంచెం పప్పు వెయ్యనా?" అని అడిగింది. సగం తిన్నాక నాకు తట్టింది. అది కార్తీక సోమవారం. ఆవిడ ఉపవాసం. పొద్దున్నుంచి ఏమీ తినలేదు. ఏమీ తినని మనిషి మీద, ఒక పూట భోజనం ఆలస్యమైనవాణ్ణి అరిచాను.

వ్యాసుడికీ ఆకలేసింది

పదో తరగతి తెలుగు వాచకంలో 'భిక్ష' అనే పాఠం మీలో చాలామంది చదివే ఉంటారు. శ్రీనాథుడి కాశీఖండంలోది. నాకు ఆ రాత్రి అదే గుర్తొచ్చింది.

కథ మీకు తెలుసు. వ్యాసుడు శిష్యులతో కాశీలో ఉంటాడు. శివుడు ఆయన్ని పరీక్షించాలనుకుంటాడు. ఆ రోజు ఏ గుమ్మం ముందు నిలబడ్డా భిక్ష దొరకదు. మర్నాడు కూడా అంతే. కడుపు కాలిపోతుంది. కోపం పట్టలేక, ఈ ఊళ్లోవాళ్లకి మూడు తరాల దాకా ధనం ఉండకూడదు, విద్య ఉండకూడదు, మోక్షం ఉండకూడదు అని శపించబోతాడు.

ఒక్కసారి ఆలోచించండి. ఆయన ఎవరు? వేదాలు విభజించినవాడు. భారతం చెప్పినవాడు. ఎక్కడున్నాడు? కాశీలో, సాక్షాత్తు విశ్వనాథుడి ఊళ్లో. రోజూ గంగాస్నానం, రోజూ దర్శనం. అయినా రెండు రోజుల ఆకలికి అదంతా ఒక్క క్షణంలో పక్కకు పోయింది.

అప్పుడు ఒక ఇంటి గుమ్మంలోంచి ఒక ముత్తైదువ పిలుస్తుంది. ఆవిడ పార్వతీదేవి అని ఆయనకు తెలియదు. మెత్తగానే మందలిస్తుంది. పిడికెడు గింజలతో, ఆకులతో, దుంపలతో సరిపెట్టుకునే మునులున్న ఊరిది, అన్నం దొరకలేదని దీని మీద కోప్పడతావా అని. శిష్యులు తినకుండా తాను తినననే నియమం ఉందంటాడాయన. అయితే అందర్నీ తీసుకురా అంటుంది. అందరికీ కడుపునిండా పెడుతుంది.

ఆ రాత్రి మా ఇంట్లో ఎవరు ఎవరో నేను వేరే చెప్పక్కర్లేదు. ఒక తేడా ఉంది, వ్యాసుణ్ణి ఆ తల్లి మందలించింది. మా అమ్మ అది కూడా చేయలేదు.

పాఠం అక్కడితో ఆగిపోతుంది. కథ ఆగదు. అన్నం పెట్టాక శివుడు వ్యాసుణ్ణి కాశీ విడిచి వెళ్లిపొమ్మంటాడు. కోపాన్ని అదుపులో పెట్టుకోలేనివాడికి ఇక్కడ చోటు లేదు అని. మరి వెళ్లినవాడు ఎక్కడికి వచ్చాడు? శ్రీనాథుడే రాసిన భీమేశ్వర పురాణం ఆ సంగతి చెబుతుంది. దక్షిణానికి వస్తూ దారిలో అగస్త్యుణ్ణి కలిసి, చివరికి దక్షవాటికకు చేరతాడు. దక్షవాటిక అంటే మా ఊరికి ఆరేడు కిలోమీటర్ల దూరంలో ఉన్న ద్రాక్షారామమే.

చిన్నప్పటి నుంచి బైక్ మీద పావుగంటలో వెళ్లొచ్చే గుడి అది. ఒక తప్పు చేసి, ఉన్నచోటు పోగొట్టుకున్న మనిషి వచ్చి చేరిన చోటని ఎప్పుడూ అనుకోలేదు. కోపిష్టివాణ్ణి కాశీ పంపేసింది, ద్రాక్షారామం రానిచ్చింది. ఇది తెలిశాక ఆ గుడి నాకు కొంచెం దగ్గరైంది.

'ఉప' అంటే దగ్గర

మన సంప్రదాయంలో మూడు పెద్ద మాటలున్నాయి. ఉపవాసం, ఉపాసన, ఉపనిషత్తు. మూడింట్లోనూ 'ఉప' ఉంది. ఉప అంటే దగ్గర. ఉపవాసం అంటే దగ్గర నివసించడం. ఉపాసన అంటే దగ్గర కూర్చోవడం. ఉపనిషత్తు అన్నా దగ్గరగా కూర్చోవడమే, గురువు దగ్గర.

అంటే తిండి మానడం ఉపవాసానికి సాయం మాత్రమే, అసలు విషయం దగ్గర ఉండటం. ఎవరి దగ్గర? ఆయన దగ్గర. మనం మాత్రం ఉపవాసం అనగానే ఏం తినొచ్చు, ఏం తినకూడదు అని వెతుకుతాం. దగ్గర ఉన్నామా లేదా అని ఎవరూ అడగరు.

దగ్గర ఉండటం అంటే ఆ ఊళ్లో ఉండటం కాదని వ్యాసుడి కథే చెబుతోంది. అడ్రస్ కాశీయే, మనసు మాత్రం భిక్షాపాత్రలో ఉంది. మనం కూడా అంతే. గర్భగుడి ముందే ఉంటాం, బుర్ర ఆఫీసులో ఉంటుంది.

"ఏమీ అడక్కు, ఊరికే కూర్చో"

తర్వాతి సోమవారం సెలవు పెట్టి అమ్మని బైక్ మీద ద్రాక్షారామం తీసుకెళ్లాను. నిజం చెప్పాలంటే భక్తితో కాదు, తప్పు చేశానన్న బాధతో.

చూడనివాళ్ల కోసం కొంచెం చెబుతాను. పంచారామాల్లో ఇదొకటి. మిగిలినవి అమరావతి, సామర్లకోట, భీమవరం, పాలకొల్లు. తూర్పు చాళుక్యరాజు మొదటి చాళుక్య భీముడు (892–921) కట్టించాడని చెబుతారు. స్వామి భీమేశ్వరుడు, అమ్మవారు మాణిక్యాంబ. అష్టాదశ శక్తిపీఠాల్లో ఈ అమ్మవారిదొకటి. స్వామిది స్ఫటిక లింగం, రెండంతస్తుల ఎత్తు. కింద నిలబడితే కింది భాగమే కనిపిస్తుంది. మెట్లెక్కి పైకి వెళ్తే పైభాగం కనిపిస్తుంది, అభిషేకం అక్కడే చేస్తారు. ఒకేచోట నిలబడి స్వామిని మొత్తం చూడటం కుదరదు.

దర్శనం అయ్యాక బయట మండపంలో కూర్చున్నాం. నేను మనసులో లిస్టు మొదలుపెట్టాను. ప్రమోషన్, అమ్మ మోకాళ్లు, హైదరాబాద్‌లో ఫ్లాట్. అమ్మ నా ముఖం చూసి నవ్వింది. "ఏమీ అడక్కురా. ఆయనకి తెలుసు. ఊరికే కూర్చో."

కూర్చున్నాను. పావుగంటలో నాలుగుసార్లు ఫోన్ తీశాను.

అప్పుడన్నాను, "ఆ రోజు అలా అరిచినందుకు సారీ అమ్మా" అని.

ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "ఆ ఒక్క రోజు సంగతి కాదు నాన్నా. ఈమధ్య నిన్ను పిలవాలంటే భయమేస్తోంది. కాల్‌లో ఉన్నావో ఏమో, ఏమంటావో అని గుమ్మం దగ్గరే నిలబడి వెళ్లిపోతున్నాను."

నేను ఆ మాటకి సిద్ధంగా లేను. నేను చిరాకు మనిషినని తెలుసు. పని ఒత్తిడి అని సర్దిచెప్పుకునేవాణ్ణి. కానీ మా అమ్మ నన్ను చూసి భయపడుతోందని నాకు తెలియదు. ఎన్నిసార్లు ఆ గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్లిందో!

ఆ రోజు ఆ మండపంలో ఇంకో గంట కూర్చున్నాం. ఫోన్ తీయబుద్ధి కాలేదు.

రోజూ పోసే నెయ్యి

ద్రాక్షారామం గుడి నిండా శాసనాలే. రాళ్ల మీద, స్తంభాల మీద వందల్లో ఉన్నాయి. తూర్పు చాళుక్యులు, చోళులు, వెలనాటి నాయకులు, వాళ్ల రాణులు, ఉద్యోగులు రాయించినవి. వాటిలో చాలా దానాలు అఖండ దీపాల కోసం ఇచ్చినవి. స్వామి ముందు ఒక దీపం ఎప్పటికీ ఆరకుండా వెలగాలి. దానికి నెయ్యి కావాలి. అందుకని గొర్రెల్నో, ఆవుల్నో గుడికిచ్చి, కాపరులకు అప్పగించేవారు. వాళ్లు రోజూ ఇంత నెయ్యి అని కొలిచి తెచ్చి ఇవ్వాలి. సూర్యచంద్రులు ఉన్నంతకాలం సాగాలని రాయించేవారు.

ఇంజినీరుగా నాకు ఈ ఏర్పాటు చాలా నచ్చింది. దానం ఇచ్చిన రాజు పేరు రాతి మీద ఉంది. కానీ దీపం వెలిగింది రాజు వల్లేనా? వానొచ్చినా, ఒంట్లో బాగోకపోయినా ఆ రోజు నెయ్యి ఆ రోజు తెచ్చిపోసిన కాపరి వల్ల కూడా. బిందెడు నెయ్యి ఒక్కసారే కుమ్మరిస్తే ఏ దీపమూ ఏడాది వెలగదు.

మనం సన్నిధిని బిందెతో కుమ్మరిద్దామనుకుంటాం. ఏడాదికోసారి తిరుపతి, శివరాత్రికి జాగారం, ఒక కాశీ ట్రిప్. అవి మంచివే, మానమని అనను. కానీ మారాలంటే రోజూ కొంచెం పోయాలి.

ఆ కార్తీకం మిగిలిన రోజులు పొద్దున్నే వెళ్లి కూర్చుని వచ్చేవాణ్ణి. హైదరాబాద్ వచ్చాక రూమ్‌లో దేవుడి అల్మరా ముందు, లాగిన్ అవ్వడానికి ముందు పదిహేను నిమిషాలు. కోరికలు లేవు, యూట్యూబ్‌లో స్తోత్రం లేదు. ఊరికే కూర్చోవడం.

ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెబుతాను. మొదటి వారం వట్టి బోర్. వెలుగులు కనిపించలేదు, ఒళ్లు గగుర్పొడవలేదు. రెండో వారం నుంచి ఇంకో ఇబ్బంది. నేను అన్న మాటలే నాకు వినపడటం మొదలైంది. టీమ్‌లో కొత్తగా చేరిన అబ్బాయితో నలుగురి ముందు మాట్లాడిన తీరు, ఫుడ్ తెచ్చిన డెలివరీ అబ్బాయి మీద విసుక్కోవడం. దేవుడి ముందు కూర్చుంటే ప్రశాంతత వస్తుందంటారు. నాకు ముందు వచ్చింది సిగ్గు. ఇలా చాలామందికి అవుతుందని, అక్కడే చాలామంది లేచి వెళ్లిపోతారని అనుకుంటున్నాను. లేవకండి. గుళ్లో దీపం వెలిగిస్తే స్వామి ఒక్కడే కనిపించడు, మూలనున్న బూజు కూడా కనిపిస్తుంది.

ఆ తర్వాత చాలా చిన్న మార్పు వచ్చింది. కోపం పోలేదు. కోపానికీ మాటకీ మధ్య కొంచెం ఖాళీ వచ్చింది. ఊపిరి పీల్చుకునేంత. ఆ ఖాళీలో ఒక్కోసారి నోరు మూసుకోగలుగుతున్నాను. ఒక్కోసారి ఇప్పటికీ అరుస్తాను. కానీ అరిచిన గంటలోపే వెళ్లి మాట్లాడుతున్నాను.

పరీక్ష గుళ్లో ఉండదు

మా పనిలో ఒక మాట అంటాం. టెస్టింగ్‌లో పాస్ అవ్వడం వేరు, ప్రొడక్షన్‌లో నిలబడటం వేరు. గుళ్లో ప్రశాంతంగా ఉండటం టెస్టింగ్ లాంటిది. అక్కడ గంట మోగుతుంది, అగరొత్తుల వాసన ఉంటుంది, ఎవరూ మనల్ని విసిగించరు. ప్రొడక్షన్ అంటే ఇల్లు. ఆకలేసినప్పుడు, నిద్ర లేనప్పుడు, మనదే తప్పని తెలిసినప్పుడు మనం ఎలా ఉన్నామన్నదే లెక్క. సన్నిధిలో ఎంతసేపున్నాం, ఎన్ని ప్రదక్షిణలు చేశాం అని మనం లెక్కపెట్టుకోవచ్చు. కానీ మారామా లేదా అన్నది మనల్ని అడిగితే తెలియదు. మనతో ఒకే ఇంట్లో ఉండేవాళ్లని అడగాలి.

ఇది ఒక్క మన మతం మాటే కూడా కాదు. మా రామచంద్రపురంలో ఒకప్పుడు కెనడా నుంచి వచ్చిన బాప్టిస్టు మిషనరీలు కుష్ఠురోగుల కోసం ఆశ్రయం పెట్టారు. ఆ జబ్బున్నవాళ్లని సొంతవాళ్లే ఇంట్లోంచి పంపేసే కాలం అది. వాళ్ల నమ్మకం వేరు, మన నమ్మకం వేరు, ఉండనివ్వండి. కానీ ప్రార్థన చేసి లేచిన మనిషి ఎవరి దగ్గరికి నడిచాడన్నది చూస్తే, ఆ ప్రార్థన ఎలాంటిదో తెలుస్తుంది. మనకీ అదే కొలత.

ఒక మాట జాగ్రత్తగా చెబుతాను. దిగులు, భయం, నిద్రపట్టకపోవడం చాలా రోజులుగా వేధిస్తుంటే డాక్టరు దగ్గరికి వెళ్లండి. సన్నిధి వైద్యానికి బదులు కాదు. రెండూ కలిసి నడవొచ్చు.

మధ్యలో ఆగిపోతే?

ఈ ప్రశ్న చాలామంది అడుగుతారు. "మొదలుపెట్టాను బ్రో, పది రోజులు చేసి వదిలేశాను. మళ్లీ ఏ ముఖం పెట్టుకుని కూర్చోను?"

మా ఊరి మీదుగా కాకినాడ నుంచి కోటిపల్లికి ఒక రైలు మార్గం ఉంది. మొదట 1928లో వేశారు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, 1940లో, ఆ పట్టాలు ఊడదీసుకుపోయారు. అరవై ఏళ్లకు పైగా మా ఊరికి రైలు లేదు. మళ్లీ 2004లో పట్టాలు వేశారు. అప్పటికి నేను చిన్నపిల్లాణ్ణి. రైలు చూడటానికి ఊరంతా వెళ్లినవాళ్లలో నేనూ ఉన్నాను. ఇన్నేళ్లు ఎందుకు రాలేదని రైలుని ఎవరూ అడగలేదు. అందరూ చేతులూపారు.

పది రోజులు మానేశారా? పదేళ్లు మానేశారా? వెళ్లి కూర్చోండి. కాశీ నుంచి పంపించేస్తే వచ్చినవాణ్ణి రానిచ్చిన స్వామి ఆయన.

ఈ వారం మనం చేసే పని

పెద్దదేం కాదు. ఏడు రోజులు, రోజుకి పది నిమిషాలు. దగ్గర్లో గుడి ఉంటే గుళ్లో, లేకపోతే ఇంట్లో దేవుడి ముందు. ఫోన్ వేరే గదిలో పెట్టండి. ఏమీ అడగొద్దు. జపం అలవాటుంటే చేసుకోండి, లేకపోతే దీపం చూస్తూ కూర్చోండి. గుర్తొచ్చినవి గుర్తు రానివ్వండి. లేచాక, ఆ పది నిమిషాల్లో ఎవరి ముఖం గుర్తొచ్చిందో వాళ్లకి ఒక ఫోన్ చేయండి, లేదా వెళ్లి ఒక మంచి మాట మాట్లాడండి. ఈ చివరి పని మాత్రం మానొద్దు.

మొన్న సంక్రాంతికి ఇంటికి వెళ్లాను. ఒక రోజు గదిలో కాల్‌లో ఉన్నాను. వంటింట్లోంచి అమ్మ గట్టిగా పిలిచింది. "ఒరేయ్, ఇలా రా, ఈ డబ్బా మూత రావట్లేదు!" మ్యూట్‌లో పెట్టడం మర్చిపోయాను, టీమ్ అంతా విన్నారు. ఇద్దరు ముగ్గురు నవ్వారు కూడా.

"ఒక్క నిమిషం" అని చెప్పి వెళ్లి ఆ మూత తీసిచ్చాను. అమ్మ మామూలుగానే డబ్బా తీసుకుని పనిలో పడిపోయింది. తను గుమ్మం దాకా వచ్చి ఆగకుండా, వంటింట్లోంచే పిలిచిందన్న సంగతి ఆవిడ గమనించిందో లేదో నాకు తెలియదు. నేను మాత్రం తిరిగొచ్చి కుర్చీలో కూర్చున్నాక, కాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను.

వచ్చే వారం కోటిపల్లి సోమేశ్వరుడి దగ్గర కలుద్దాం.

హర హర మహాదేవ.